జరాగు కాక మీద నా కుళ్లు

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికొచ్చే పెద్ద జబ్బేమిటంటే, తన పేరు పక్కన ఒక హోదా ఉంటే చాలు, లోకమంతా లేచి నిలబడుతుందనుకోవడం. ఆ రోజుల్లో నాకా జబ్బు బాగా ముదిరి ఉండేది. డిగ్రీ పట్టా, రెండు ఇస్త్రీ చొక్కాలు పట్టుకుని కాగజ్‌నగర్ నుంచి వచ్చి, కరీంనగర్ అవతల ఒక జిన్నింగ్ మిల్లులో (రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజ తీసి, దూదిని బేళ్లు కట్టే చోటు) షెడ్డు ఇన్‌చార్జిగా చేరాను. నలభై మంది పనివాళ్లు నా కింద. ఆ "కింద" అనే మాట నాకెంత ఇష్టమంటే, ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒక వంకతో బాపుకు మూడుసార్లు వినిపించేవాణ్ణి.

చిక్కేమిటంటే, ఆ నలభై మందీ నిజానికి ఉన్నది జరాగు కాక కింద. ఆయన బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గర పనివాడు. హోదా లేదు, కుర్చీ లేదు. ఏం జరిగినా ముందు "జర ఆగు" అంటాడు కాబట్టి ఆ పేరు పడింది. నేను చేరిన వారానికే ఒక మిషన్‌లో పత్తి ఇరుక్కుని పొగ వచ్చింది. ఆపమని గొంతు చించుకుని అరిచాను. ఒక్కరూ తల తిప్పలేదు. కాక తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ "జరాగుండ్రి" అన్నాడంతే, షెడ్డంతా ఆగిపోయింది. ఆ మోతలో ఆయన గొంతు వాళ్లకెలా వినబడిందో నాకిప్పటికీ తెలియదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ మధ్యాహ్నం అన్నం కూడా సయించలేదు.

నలుగురి చేత మాట వినిపించుకోవడం ఎలాగో నేర్పే వీడియోలు ఫోన్లో దొరికాయి. నాయకుడనేవాడు కళ్లలోకి సూటిగా చూడాలట. మర్నాడు పొద్దున్నే, పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్ల వరసలో పేపరక్క ముందు నిలబడి (మిల్లు వార్తలన్నీ అందరికన్నా ముందు ఆమెకే తెలుస్తాయి, అందుకే ఆ పేరు) రెప్ప వేయకుండా చూశాను. "ఏమైంది సారు, కండ్లల్ల దూది వడ్డదా? జర నీళ్లు కొట్టుకో" అంది. పేరు పెట్టి పిలవాలని ఇంకో వీడియోలో చెప్పారు. నలభై పేర్లూ బట్టీ పట్టాను. వాళ్లలో ఇద్దరు రాజవ్వలు, ముగ్గురు రాజయ్యలు ఉంటే ఏమవుతుందో, ఒక్కసారి పిలిచి అందరూ పలికాక తెలిసింది. కాకైతే ఎవర్నీ పేరు పెట్టి పిలవడు. "బిడ్డా" అంటాడు. ఎవరు రావాలో వాళ్లే వస్తారు.

ఇలా నేను ఉడికిపోతుండగా సమ్మక్క జాతర దగ్గరపడింది. రెండేళ్లకోసారి వచ్చే జాతర, నలభై మందీ పోతామన్నారు. గేటు బయటేమో పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. మిల్లు యజమాని సేటు నన్ను గదిలోకి పిలిచాడు. "సగం మంది జాతరకు పోవాలె, సగం మంది జాతరైనంక తిరుగువారంల పోవాలె. ఒక్కపూట షెడ్డు బందైనా నేను ఊకోను. నువ్వే ఒప్పియ్యి. నీతోని కాకుంటే నిన్ను గేటు కాడ చిట్టీలు రాసేటందుకు పెట్టి, ఇన్‌చార్జి పని కాకకిస్త" అన్నాడు. గేటు దగ్గర చిట్టీలు రాయడానికైనా మనసు రాయి చేసుకునేవాణ్ణేమో గానీ, ఆ చివరి మాట తట్టుకోలేకపోయాను. ఏం చేసినా కాక సాయం అడగకుండానే చేయాలని ఆ గదిలోనే ఒట్టేసుకున్నాను.

ముందు నోటీసు అంటించాను. సాయంత్రానికి అది ఎవరి చేతిలోనో మిర్చిబజ్జీల పొట్లమైంది. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి బతిమాలాను. తల ఊపారు, వెళ్లి సంచులు సర్దుకున్నారు. అప్పుడు బజారులో నాకొక ఉపాయం కనిపించింది. జాతరకు ముందు ఇక్కడి జనం తరాజులో ఒక పక్క మనిషిని కూర్చోబెట్టి, రెండో పక్క అంతే బరువు బెల్లం పెడతారు. ఆ బెల్లాన్ని బంగారమంటారు. అమ్మవార్లకు తీసిపెట్టి, మిగతాది వాడలో అందరికీ పంచుతారు. మా ఇంట్లో ఈ మొక్కు ఎన్నడూ లేదు. నాకు కనబడిందల్లా దండ, తరాజు, చుట్టూ జనం. మిల్లు తరఫున నేనే కూర్చుని, నా చేత్తోనే అందరికీ బంగారం పంచితే, నోరు తీపి చేసుకున్నవాళ్లు నా మాట కాదంటారా?

యాభై ఆరు కిలోల బెల్లం తెప్పించాను (ఆ రోజుల్లో నా బరువంతే). దుకాణంవాళ్ల పెద్ద తరాజు అడిగి తెచ్చి షెడ్డు దూలానికి కట్టించాను. నా మెడలో దండ నేనే వేసుకుని తరాజులో కూర్చుని, ఫోటో తీయమని ఒక రాజయ్యకు ఫోన్ ఇచ్చాను. చప్పట్లు కొడతారనుకున్నాను. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. పేపరక్క దగ్గరికొచ్చి నా కాలు నిమిరింది. "గింత చిన్న వయసుల ఏం తక్లీఫ్ అచ్చె బిడ్డా? మాకెందుకు చెప్పలే?" అంది.

సంగతి తర్వాత తెలిసింది. పెళ్లికాని కుర్రవాడు నిలువెత్తు బంగారం తూగాడంటే, చావుదాకా వెళ్లి వచ్చాడనీ, వాళ్ల అవ్వ మొక్కుకుందనీ వాళ్లు అర్థం చేసుకున్నారు. ఛాయ్ వేళకు నాకు గుండెలో రంధ్రం ఖాయమైంది. సాయంత్రానికి ఒక కిడ్నీ కూడా పోయింది. కాదని చెప్పాల్సింది, చెప్పలేదు. ఎందుకంటే మర్నాడు నేను చెయ్యి ఎత్తితే చాలు మిషన్లు ఆగుతున్నాయి. "సారు ఒర్రకు, దమ్మొస్తది, సైగ చెయ్యి" అంటున్నారు. ఆ మర్నాడు ఇరవై మంది జాతరకు పోకుండా ఆగిపోతామని చెప్పారు. ఎవరెవరో రాసుకుందామని జాబితా తీశాను. వాళ్లు చెప్పిన మొదటి పేరు కాకది.

పేపరక్కే అసలు సంగతి చెప్పింది. సేటు గదిలో నాతో అన్న మాటలు ఆమె చెవిన పడి, కాకదాకా వెళ్లాయట. వానకాలంలో కాక మనవరాలికి జ్వరమొచ్చి రోజుల తరబడి దవాఖానలో ఉందట. ఆ పిల్లెత్తు బంగారం కాక మొక్కుకున్నాడట. బెల్లం ముద్దలు ఇంట్లో తెచ్చిపెట్టుకుని, జాతర కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నవాడు, అందర్నీ కూర్చోబెట్టి, "మనం పోతే పిలగాని నౌకరీ పోతది. నా మనుమరాలి మొక్కు తిరుగువారంల తీర్చుకుంట, తల్లులేమనరు. నేనుంటున్న. మీరెవలుంటరో ఉండుండ్రి" అన్నాడట.

ప్రెస్సు దగ్గరికెళ్లి, "కాకా, నాకే జబ్బూ లేదు" అన్నాను.

"ఎర్కే బిడ్డా" అన్నాడు. "సావుదాక పోయొచ్చినోడు తరాజుల కూసొని ఫోటో దిగుతడా?"

నాకు సిగ్గు వేయాలి. వేసింది కూడా. కానీ నిజం చెప్పాలంటే, సిగ్గుకన్నా ముందు కుళ్లే వచ్చింది. నా యాభై ఆరు కిలోల బెల్లం చేయలేని పని ఆయన నాలుగు మాటలతో చేశాడు. అదీ నా కోసం చేశాడు.

జాతర రోజుల్లో షెడ్డు ఒక్కపూట కూడా ఆగలేదు. సేటు వచ్చి, నడుస్తున్న మిషన్ల మధ్య నిలబడి, నా భుజం తట్టి, "ఎట్ల ఒప్పిచ్చినవోయ్?" అన్నాడు. కాక రెండడుగుల దూరంలో బేలుకు తీగ బిగిస్తున్నాడు. ఆయన పేరు నా నోటిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది. "నేనే చెప్పిన సేటు, విన్నరు" అన్నాను. కాక తల ఎత్తాడు. నా గుండెలో రంధ్రం నిజంగానే పడిందనుకున్నాను. "అవును సేటు, పిలగాడు చెప్తె ఎవలు కాదన్లే" అని మళ్లీ తీగ బిగించుకున్నాడు.

ఇప్పుడు నేను ఇంకో చోట మేనేజర్ని. తలుపు మీద పేరుంది, కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది. మొన్న మా పెద్దసారు ముందు మా జూనియర్ ఒకతను, నేను రెండు వారాలు కూర్చుని చేసిన పనిని తనే చేసినట్టు చెప్పుకున్నాడు. అవునని ఒక్క మాట అందామని నోరు తెరిచాను. ఎంత ప్రయత్నించినా రాలేదు. "లేదు సార్, అది నేనే చేశాను" అన్నాను. అతని ముఖం చిన్నబోయింది. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, అద్దంలో నెరిసిన మీసం చూసుకుని నవ్వుకున్నాను. ఇన్నేళ్లయినా కాకను తలుచుకుంటే నాకు కుళ్లే.