మేట్ ఎప్పుడు తింటుంది?

దుమ్ముగూడెం దాటాక నా బండి పంక్చరైంది. పక్కనే అడవి అంచున ఉపాధి హామీ కింద కందకం తవ్వుతున్న ఆడవాళ్లు అన్నానికి కూర్చుంటూ నన్నూ పిలిచారు. కూలీల హాజరు వేసే మేట్ ముత్తమ్మ మాత్రం తన గిన్నె మూత తీయలేదు.

"మీరూ తినండమ్మా," అన్నాను.

"లచ్చక్క బోరింగు కాడికి పోయింది సార్. అందరు కూసున్నంకనే నేను తినాలె."

"అది రూలా?"

పక్కనున్న ముసలమ్మ నవ్వింది. "మేం పెట్టుకున్న రూలే. ముందుగాల ఉన్నాయన దూరం పోయి ఒక్కడే తినేటోడు. గట్ల తినేటోడు మేటెట్ల అయితడు? గ్రామసభల అడిగి మార్పిచ్చినం."

ఇంతలో లచ్చక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ముత్తమ్మ తన చింతచిగురు పప్పు అందరికీ తలా కాస్త వేసి, అప్పుడు ముద్ద కలిపింది.

మాటల పుట్టుక వెతకడం నాకున్న పిచ్చి. మేట్ అంటే ఓడలో కెప్టెన్ కింది అధికారి అనీ, పనివాళ్లలో తోటివాడు అనీ తెలుసు. ఇంటికొచ్చి ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే, ఆ మాట మూలంలో 'కలిసి తినేవాడు' అనే అర్థం ఉంది.

నేను పుస్తకంలో వెతుక్కున్న ఆ అర్థం కోసం, వాళ్లు అప్పటికే ఒక మేట్‌ను మార్చేశారు.