క్లబ్బు కోర్టు మీద ముగ్గు

మొన్న మా అపార్టుమెంటు మెట్ల గోడలకు సున్నం కొడుతుంటే, ఆ తడిసున్నం వాసన తలుపు సందులోంచి వచ్చి నన్ను నరసరావుపేట క్లబ్బులో పడేసింది. ఇన్ని రంగులొచ్చాక ఇంకా సున్నమేమిటని విసుక్కుంటూనే, వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

మా నాన్న ఆ క్లబ్బులో మార్కరు. ఆఫీసర్లకూ ప్లీడర్లకూ టెన్నిసు ఆడించడం, కోర్టు బాగోగులు చూడడం ఆయన పని. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. క్లబ్బు వెనక గదిలో నేనూ నాన్నే. మా పల్నాటి నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చే రకం కాబట్టి, దాని మీద ఎర్రమన్ను పరిచి, జల్లించిన పుట్టమన్ను పోసి, నీళ్ళు చల్లి, రోలరు లాగి, ఆపైన పల్చగా పేడనీళ్ళతో అలికితే తప్ప బంతి తిన్నగా లేచేది కాదు. ఆ అలికే మనిషి కోటమ్మత్త. చుట్టమేమీ కాదు, పక్క బజారు మనిషి. వేసవి పొద్దున్నే గేటు తీస్తూనే "ఏమే, ఆ తలేందే కాకిగూడు లెక్క? ఇట్టా కూకో" అని జడ బిగించి అల్లి, కొంగున కట్టుకొచ్చిన జొన్నరొట్టె, గోంగూర పచ్చడి నా చేతిలో పెట్టేది. ఆమె వెనక్కి వెనక్కి జరుగుతూ అలుకుతుంటే నేను ఎదురుగా గట్టున కూర్చుని నోరు నొప్పిపుట్టేదాకా వాగేదాన్ని. ఆమె వెళ్ళాక మళ్ళీ తెల్లారేదాకా నాతో మాట్లాడే దిక్కుండేది కాదు. నాన్న మాటలన్నీ సాయంత్రం స్కోరు చెప్పడానికే సరిపోయేవి.

ఒక ఉగాది నాడు కోటమ్మత్త కోర్టంతా అలికి లేచి, గీతలకని నాన్న కలిపిన పిడుగురాళ్ళ సున్నం కాస్త మిగిలితే, వెనక గీతను ఆనుకుని ముచ్చటగా ముగ్గేసింది.

"పండగపూట అలికి బోసిగా వదిలితే చావింటి లెక్కుంటదే" అంది నాతో. నాన్న చూసి చెరపబోయి, పండగ కదా అని ఊరుకున్నాడు.

సాయంత్రం బంతి సరిగ్గా అక్కడే పడింది. గీత మీద పడింది, లోపలేనని ప్లీడరుగారు, కాదు ముగ్గు మీద, బయటని డాక్టరుగారు. అంత చదువుకున్నవాళ్ళూ ఆ సున్నం దగ్గర గొంతుక్కూర్చుని, ఒకరినొకరు నానా మాటలూ అనుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పట్లో మాచర్ల పక్క డ్యాం కడుతున్నారేమో, ఎవరి నోట విన్నా సిమెంటు మాటే. క్లబ్బు పెద్దలూ కూర్చుని, పేడ, ముగ్గుల బాధ వదిలించుకుందామని కోర్టుకు సిమెంటు వేయించారు.

అది ఆరాక కోటమ్మత్త ఒక్కసారి వచ్చింది. వంగి అరచేత్తో తడిమి చూసింది.

"నున్నగా ఉందే. ఇంక నాకేం పనుంది ఈడ?" అని, నాకు జడేసి వెళ్ళిపోయింది. కూలికి ఏ ఊరు పోయిందో, మళ్ళీ కనబడలేదు. అమ్మ పోయినప్పుడు నాకు ఏడవాలని తెలియదు. ఆ ఏడుపూ ఈ ఏడుపూ కలిపి ఆ కొత్త సిమెంటు మీద కూర్చుని ఏడ్చాను.

పోయినేడు ఆ ఊరు వెళ్ళాను. క్లబ్బు లేదు, కోర్టు లేదు, అంతా షాపులే. పక్క బజార్లో ఒక ముసలాయన్ను కోటమ్మత్త గురించి అడిగాను.

"కోర్టు అలికే ఆమా? కూలోళ్ళు అట్టాంటోళ్ళు చానామంది ఉండేవోళ్ళమ్మా" అన్నాడు.

ఉండేవాళ్ళేమో. నాకు మాత్రం ఒక్కతే.