ఆకు కాఫీ అండాలమ్మ

నా నోరు మంచిది కాదని మా ఆయన ఉపేంద్ర పెళ్ళయిన ఏడాదికే తేల్చేశాడు. ఆయన చెప్పినవాటిలో నేను ఒప్పుకున్నది అదొక్కటే. ఆ నోటితోనే 2011 వేసవిలో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందులో కాఫీ షాపు పెట్టాను. మామూలు కాఫీ కాదు, పైన పాల నురగతో ఆకు బొమ్మ వేసి ఇచ్చే కాఫీ. లాటె అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాను. ఎవరూ చదివిన పాపాన పోలేదు. అందరూ ‘ఆకు కాఫీ’ అనే అడిగేవారు.

బొమ్మ వేసేవాడు అభిరామ్. మాలాగే వాళ్ళదీ భీమవరం వైపే. బంజారాహిల్స్‌లో పెద్ద కాఫీ షాపులో పని నేర్చుకుని వచ్చాడు. కప్పులు కడిగేది అండాలమ్మ. నేను చెప్పబోయేది ఆవిడ గురించే.

అండాలమ్మది నల్లగొండ జిల్లా. పెళ్ళయి సరూర్‌నగర్ వచ్చి, చెరువు వెనక పాకలో నాలుగు బర్రెల్ని పెట్టుకుని ముప్పై ఏళ్ళు ఇంటింటికీ పాలు పోసింది. ఆ జాగాలో అపార్ట్‌మెంట్ లేచాక బర్రెల్ని అమ్మేసింది. యాభై ఐదేళ్ళ వయసులో మా షాపుకి వచ్చి, “పాలకాడ ఉండే పని ఏదన్న ఉంటే ఇయ్యి దుర్గమ్మా. పాలు ముట్టక ఆర్నెల్లయింది, నాకు ఇంట్ల మనసున పడ్తలేదు” అంది. పాల దగ్గర అభిరామ్ ఉన్నాడు, సింకు దగ్గరే ఎవరూ లేరు అన్నాను. సింకు దగ్గరే చేరింది. చేతులు కప్పుల్లో ఉన్నా, కళ్ళు మాత్రం ఎప్పుడూ అభిరామ్ చేతిలోని పాల మగ్గు మీదే ఉండేవి.

ఆగస్టు ఆఖర్లో షాపు తాళం ఆవిడ చేతికిచ్చాను. పొద్దున్నే వచ్చి పాల ప్యాకెట్లు దించుకుని, స్టీలు క్యాన్లలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టమన్నాను. సరిగ్గా అప్పటినుంచే మా ఆకు రాలిపోయింది.

అభిరామ్ ఎంత తంటాలుపడ్డా నురగ పెద్ద పెద్ద బుడగలుగా లేస్తుంది, కాఫీలో పోస్తే విడిపోతుంది. “ఈ పాలల్లో ఏదో తేడా ఉందక్కా” అన్నాడు. కంపెనీ మార్చాను. ఆవుపాలు తెప్పించాను, గేదెపాలు తెప్పించాను. చిక్కటివి చూశాం, పల్చటివి చూశాం. మెకానిక్ సాంబమూర్తిగారు వచ్చి మిషనంతా విప్పి, “దీనికేం రోగం లేదండీ, దుక్కలా ఉంది” అని మళ్ళీ బిగించి వెళ్ళారు. మూడు వారాల్లో నా తల ప్రాణం తోకకి వచ్చింది.

ఒకరోజు నిద్ర పట్టక ఆరింటికే షాపుకి వెళ్ళాను. వెనక గదిలో స్టవ్ మీద పెద్ద గిన్నె, గిన్నెలో తెచ్చిన పాలన్నీ తెర్లుతున్నాయి. అండాలమ్మ గరిటెతో కలుపుతోంది. పక్కనే ఇంకో గిన్నె నిండా మీగడ.

“ఏం చేస్తున్నావ్?”

“పాలు కాస్తున్న.”

“రోజూనా?”

“రోజు కాయకపోతె ఎట్ల? పచ్చిపాలు మనుషులకు పోస్తరా ఎవలన్న? గా పిలగానికి ఎరుకలేదు, సక్కగ ప్యాకెట్ చింపి మగ్గుల పోస్తుండె. పాపం తగులద్దని నేనే కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌ల పెడుతున్న. మీగడ పారేయలే. నీకు నెయ్యి కాచి ఇద్దామని దాస్తున్న.”

కోపం నషాళానికి అంటింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు మూడు వారాలు నా షాపు ముంచావు కదే అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను. కాచి చల్లార్చిన పాలు మళ్ళీ ఆవిరికి పట్టులాంటి నురగ కట్టవనీ, కంపెనీవాళ్ళు ప్యాకెట్ చెయ్యకముందే పాలు కాస్తారనీ అరిచి చెప్పాను.

ఆవిడ శ్రద్ధగా విని, “కాస్తే మరి మీగడేది? ఎవలు తిన్నరు?” అని అడిగింది.

అంతే. ఈ నెలాఖరుతో మానెయ్యమన్నాను. ఆవిడ బతిమాలలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, “పొయ్యేలోపల ఒక్కపారి గా మిషన్‌కాడ నిలవడనిస్తవా దుర్గమ్మా? ముప్పై ఏండ్లు పాలల్లనే బతికిన. నాకొస్తదేమో చూస్త” అంది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే మంట.

మర్నాటినుంచి ఆకు మళ్ళీ వచ్చింది. ఆవిడ తలొంచుకుని కప్పులు కడిగింది.

సెప్టెంబరు ఆఖరి రోజు, ఆవిడ చివరి రోజు, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జోరుమీద ఉంది. బస్సులు లేవు. అభిరామ్ కూకట్‌పల్లి నుంచి స్నేహితుడి బండి మీద బయల్దేరి రాస్తారోకోలో ఇరుక్కుపోయాడు. ఇవాళ రాలేనక్కా అని ఫోన్. షట్టరు సగం దించి ఉంచమని ఉపేంద్ర ఇంకో ఫోన్. మా పాల వ్యాన్ కూడా రాకపోతే అండాలమ్మే పాల బూత్‌కి నడిచి వెళ్ళి ప్యాకెట్లు మోసుకొచ్చింది.

“మూడు తీర్ల పాలున్నయ్. తీరుకొక ప్యాకెట్ చింపిచ్చి, బొటనగోరు మీద ఒక్కొక్క చుక్క పోయించుకుని చూసిన. రెండు జారిపోయినయ్, గివి గుండ్రంగ నిలవడ్డయ్. ట్రే అడుగునున్నయ్ తీసుకున్న, చల్లగుంటయ్.”

“కాచావా?”

“లే. నీ కంపెనీవాళ్లు కాచిండ్రంటివిగ.”

పది గంటలకి దశరథ వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్ డిపోలో కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. మా రోజువారీ గిరాకీయే. వెంట సమ్మె టెంటు నుంచి నలుగురు. “మేడం, ఆకు కాఫీ ఐదు. మావోళ్లు జూడలేదట, జూపిస్తనని తోల్కొచ్చిన.”

నాది కోస్తా యాస అని సందంతటికీ తెలుసు. ఇవాళ కాఫీ లేదంటే ఏమనుకుంటారో అని భయం, చెత్త కాఫీ ఇస్తే ఇంకా ఏమనుకుంటారో అని అంతకన్నా భయం. మిషను దగ్గరికి నేనే వెళ్ళాను. పాలు కీచుమని అరిచాయి, మగ్గులోంచి చింది నా చీర మీద పడ్డాయి. నురగ బట్టలు నానబెట్టిన బకెట్లో ఉన్నట్టు లేచింది. రెండో మగ్గూ అంతే. టేబుల్ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

“జర జరుగు దుర్గమ్మా.”

చేతులు తుడుచుకుంటూ అండాలమ్మ పక్కన నిలబడింది. నేను జరిగాను. ఇంకేం చెయ్యను?

చల్లటి పాలు మగ్గులో సగం పోసింది. ఆవిరి గొట్టం మొన పాల పైపైన ఆనించి, చెవి దగ్గరగా పెట్టింది. “చెంబుల పిండేటప్పుడు మొదలు చర్ చర్‌మంటది. నురగ లేసినంక మెత్తగైతది. గదే చప్పుడు గిది. నువ్వు ఇనకుండ ఒత్తినవ్.” చర్‌మన్న చప్పుడు మెత్తబడగానే గొట్టాన్ని లోపలికి దించింది. అరచెయ్యి మగ్గుకి ఆనించి, చెయ్యి కాలే వేళకి ఆపింది. మగ్గుని బల్ల మీద రెండుసార్లు తట్టి, గుండ్రంగా తిప్పింది. పాలు మీగడలా మెరిశాయి.

కాఫీలో పైనుంచి సన్నగా పోసి, మగ్గు కిందకి దించి, మణికట్టు అటూ ఇటూ ఆడించింది. తెల్లగా ఏదో తేలింది. దశరథ కప్పులోకి తొంగి చూశాడు.

“ఆకడిగితె ఏనుగు చెవిచ్చినవేందమ్మా?”

“తాగనీకొచ్చినవా, జూడనీకొచ్చినవా?”

టెంటు వాళ్ళంతా ఘొల్లుమన్నారు. దశరథ ఒక గుక్క తాగి, నవ్వడం ఆపి, ఇంకో గుక్క తాగాడు. “నురగ మాత్రం మస్తున్నదమ్మా” అన్నాడు. రెండో కప్పులో చెవి కాస్త సన్నబడింది. నాలుగో కప్పులో ఈనెలతో సహా ఆకు వచ్చింది. అండాలమ్మ దాన్ని ఇవ్వకుండా రెండు క్షణాలు చూసుకుంది.

కబురు టెంటుకి పాకింది. పన్నెండింటికి షట్టరు పూర్తిగా ఎత్తేశాను. హాస్టల్ పిల్లలు, సమ్మెవాళ్ళు, గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి పళ్ళ వ్యాపారులు, ఎవరంటే వాళ్ళు వచ్చి కూర్చున్నారు. అండాలమ్మ తల తిప్పకుండా అంది, “దుర్గమ్మా, కప్పులైపోయినయ్.”

చుట్టూ చూశాను. మిగిలింది నేనే. కొంగు నడుముకి దోపుకుని సింకు దగ్గరికి వెళ్ళాను. ఇరవై కప్పులు కడిగి తెచ్చి ఆవిడ పక్కన పెడుతూ, “రేపు కూడా ఆరింటికే రా” అన్నాను. ఇంకా ఏదో అనాలి, క్షమించమనాలి. నా నోటికి అది అలవాటు లేదు.

“నేను గీడుంటె మరి కప్పులెవలు కడుగుతరు?”

“నేనే కడుగుతాను.”

అండాలమ్మ ఒక కప్పు తీసి వెలుతురుకి పట్టి చూసి, నా చేతిలో పెట్టింది. “సబ్బు పోలే. సబ్బుంటే నురగ నిలవడదు.”

ఆ కప్పు మళ్ళీ కడిగాను.