గేటు బయట పన్నెండు రోజులు

అక్క పోయినట్టు మాకు ఎవరూ కబురు చేయలేదు. లీవులో ఉన్న మనిషి ఆ పొద్దున మిల్లు గేటు దగ్గర కనబడలేదు, అంతే. నూలు చిలపలు చుట్టే రీలింగులో ఆడవాళ్ళమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. షిఫ్టు దిగి ఆమె ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో జనం ఉన్నారు. నిద్రలోనే పోయిందట.

లీవులో ఉన్న మనిషికి గేటు దగ్గర ఏం పనని మీరు అడగవచ్చు. రీలింగులో అందరికీ అక్కే అయిన మా అక్క మీకు తెలియదు.

పందొమ్మిది వందల యాభైల్లో, ఇరవై రోజుల పనికి ఒక రోజు జీతంతో లీవని చట్టం వచ్చిందని మేస్త్రి చెప్పినప్పుడు అరవదేశంలోని మా రాజపాళయంలో మేమెవరం నమ్మలేదు. అక్క అయితే మండిపడింది.

"సుమ్మా ఇంట్లో కూర్చోబెట్టి సంబళం ఇచ్చేదానికి ఆ మిల్లువాడేమన్నా నా మేనమామనా? నన్ను ఇంటికి పంపి, నా రీలుకాడ ఇంకొకతెను నిలబెట్టేదానికే ఇదంతా."

చిన్న వయసులోనే మొగుడు పోయిన మనిషి. ఆ రీలు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. పన్నెండు రోజుల మొదటి లీవు తప్పనిసరై తీసుకుంది కానీ, రోజూ మిల్లు కూత, అదే సంగు, మోగేసరికి అన్నం తూక్కు చట్టితో వచ్చి గేటుకు ఎదురుగా నిలబడేది. కొత్త ఆడమనిషి ఎవరైనా లోపలికి పోతే ఆరా తీసేది. షిఫ్టు దిగి వస్తున్న నన్ను పట్టుకునేది.

"పాపా, నా రీలుకాడ ఎవురు నిలబడినారు?"

"ఎవురూ లేదక్కా."

"నువ్వు కూడా వాళ్ళ పక్కం చేరిపోయినావా?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. అయినా మరునాటి నుంచి ఆ రీలు మీద ఒక కన్నేసి ఉంచాను. అనుమానం అంటురోగమే.

పని చేసిన రోజుకొక ముడి చొప్పున ఆమె దగ్గర ఒక దారం ఉండేది. మిల్లు నూలు కాదు. అదైతే దొంగతనం కడతారని సత్రపట్టిలో మగ్గం నేసే చెల్లెలి దగ్గర తెచ్చుకున్నది. గేటు బయట నిలబడ్డ పన్నెండు రోజులకూ ముడులు వేసింది. ఇదేమిటక్కా అంటే, "వచ్చినాను గదా, నిలబడినాను గదా?" అంది.

ఆ ఏడాది చివర గుమాస్తా అక్కతో, పనిచేసిన రోజులు రెండు వందల నలభై నిండలేదు, వచ్చే ఏడు నీకు లీవు లేదన్నాడు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ముందు అక్క దారం పరిచింది. ఆయన హాజరు పుస్తకం పక్కన పెట్టుకుని ముడులన్నీ లెక్కపెట్టాడు. తేడా సరిగ్గా పన్నెండు. లీవు రోజులు కూడా కలపాలమ్మా, చట్టంలో అలాగే ఉంది అన్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. అక్క మాత్రం దారం చుట్టుకుంటూ, "వచ్చే వరుసం ఇంకొక దొర వస్తాడు, వాడేమి చెప్తాడో" అని గొణిగింది.

అప్పటి నుంచి ప్రతి ఏడూ లీవూ వదల్లేదు, గేటూ వదల్లేదు. మా హక్కులు మాకు నేర్పింది ఆ నమ్మని మనిషే. ఆమెకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఈసారి లీవులో రెండు ముడులు పడ్డాయి. మూడోనాడు పోయింది. నాలుగోనాడు పొద్దున నేను వెళ్ళేసరికి మేస్త్రి ఎవరో కొత్త పిల్లను ఆ రీలు దగ్గరికి తీసుకొస్తున్నాడు. ఇన్నేళ్ళూ అక్క కాపలా కాసింది దీనికే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అక్క లీవు ఇంకా తొమ్మిది రోజులు ఉండాది" అన్నాను. "అంతవరకు ఆ రీలు ఆమెదే." వెనకాల ఆడవాళ్ళందరూ చిలపలు వదిలేసి వచ్చి నిలబడ్డారు.

మేస్త్రి ఆ పిల్లను వేరే చోటికి తీసుకుపోయాడు. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడో అని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆమె ఇంటి నుంచి తెచ్చిన దారం ఇప్పుడు ఆ రీలుకే వేలాడుతోంది. తిరగని రీలు అదొక్కటే. ఆమె పోయిన నాటి ముడి కూడా మేమే వేసి, అప్పటి నుంచి రోజుకొకరం ముడి వేస్తున్నాం. రేపటిది ఈ లీవులో పన్నెండోది, నా వంతు. ఈ పొద్దున కూడా లోపలికి పోబోతూ, గేటుకు ఎదురుగా అక్క నిలబడే చోటు వైపు తిరిగి చూశాను.