రెండు అవసరాలు

మా మేనత్త పోయిందని తిరుత్తణి నుంచి ఫోను వచ్చింది. తిరువళ్లూరులో రైలెక్కి కూర్చున్నా నాకు ఏడుపు రాలేదు. ఆమె మాటే ఒకటి చెవిలో తిరుగుతూ ఉంది.

అత్త నర్సు. విదేశంలో పెద్దాఫీసు ఉన్న ఒక వైద్య సహాయ సంస్థలో చాలా ఏళ్లు పనిచేసింది. నన్నూ అందులో చేర్పించింది. అక్కడ డాక్టరే పెద్ద కదా అని ఎవరన్నా అడిగితే నవ్వేది. డాక్టరు వైద్యం చూస్తాడు, మందు పంపేది సరఫరా వాళ్లు, బండి కదలాలా వద్దా తేల్చేది కోఆర్డినేటరు. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. ఆ కట్టుబాటంటే అత్తకు గౌరవమూ ఉంది, చిరాకూ ఉంది.

"దేశాలు దాటొచ్చిన మందు మన కాలవ దాటకపోతే ఏం లాబం?" అనేది.

వరదలప్పుడు ఆరంబాక్కంలో శిబిరం పెట్టాం. వాంతులు, విరేచనాలు ఊరంతా కమ్ముకున్నాయి. ఒక జాలరి భార్య, నెలలు నిండిన మనిషి, నాడి అందకుండా పడి ఉంది. సెలైన్ అయిపోవస్తోంది. అత్త తిరువళ్లూరు ఆఫీసుకు ఫోను చేసి సెలైన్ అవసరం అని చెప్పింది. ఫోనెత్తింది సరఫరా చూసే గుంటూరాయన. ఆయన తెలుగులో అవసరమంటే కావాలి అని, అంతే. తమిళంలో అవసరమంటే ఇప్పటికిప్పుడే అని. తమిళనాట పెరిగిన మా నోళ్లలో రెండూ కలిసిపోయాయి. ఆయన మర్నాటి బండికి రాసేశాడు.

మధ్యాహ్నం దాటినా బండి జాడ లేదు. అత్త మళ్లీ ఫోను చేసింది.

"అన్నా, యాడుండాది బండి?"

రేపు వస్తుందన్నాడాయన.

"నేను చెప్పింది తమిళ అవసరమన్నా. రేపటికి ఈయమ్మ ఉండదు."

ఆయన ఫోను పెట్టేసి కోఆర్డినేటరు మేడం దగ్గరికి పరుగెత్తాడట. ఊత్తుకోట దారిలో నీళ్లున్నా ఆమె సరేనంది. మేము చివరి సీసాలో బొట్లు చూస్తూ కూర్చున్నాం. దేవుడా, అంత మెల్లగా గడిచిన పొద్దు నేనెరగను. హారను వినబడగానే అత్త బండికి ఎదురు పరుగెత్తింది. తల్లీ బిడ్డా దక్కారు. ఆనాటి నుంచి మా ఆఫీసులో ఎవరు ఫోనెత్తినా ముందు "ఏ అవసరం?" అనే అడుగుతారు.

పోయిన ఆదివారం తిరుత్తణిలో ఆమె మంచం పక్కన ఉన్నాను. ఊపిరి బరువెక్కింది. భయమేసి, డాక్టరును పిలుద్దామని లేచాను.

"ఏమన్నా అవసరమా అత్తా?"

కళ్లు తెరిచింది. "ఏ అవసరం?"

నేను ఫోను అందుకున్నాను.

"రెండూ లేవు పాపా. కూసో."

నా కొంగు ఆమె గుప్పిట్లో ఉంది. కూర్చున్నాను.