ఫుకుషిమా అన్నం ముందు మా ఆయన ప్రార్థన

మస్కట్‌లో, బౌషర్ ప్రాంతంలోని ఒక ఆస్పత్రి ఎక్స్‌రే విభాగంలో నేను నర్సును. ‘ఏమీ కాదు, భయపడకండి’ అని రోజుకు ఎంతమందికి చెబుతానో లెక్కలేదు. సెలవుకు కొరియా, జపాన్ వెళ్దామని, పనిలో పనిగా ఫుకుషిమా కూడా చూద్దామని పట్టుబట్టింది నేనే. అణు ప్రమాదం జరిగి అప్పటికి నాలుగేళ్లు. రోగులకు ధైర్యం చెప్పే మనిషి అక్కడికి వెళ్లడానికి జంకితే ఏం బాగుంటుంది? మా ఆయన సామ్యేలు భవనాలు కట్టే చోట సైట్ సూపర్‌వైజరు. ఎంత ఎత్తు సారువ మీదికైనా ఎక్కేస్తారు గానీ, కంటికి కనిపించనిదంటే హడలిపోతారు.

మస్కట్ నుంచి విమానం మారి సియోల్‌లో దిగి, వేగపు రైల్లో రెండున్నర గంటల్లో బుసాన్ చేరాం. టికెట్టు మనిషికి దాదాపు ఇరవై రియాళ్లు. రేవు దగ్గర హోటల్లో వేయించిన చేప అడిగితే, వంటావిడ ముందుగా గోడమీది కాగితం చూపించింది. ‘జపాన్ చేపలు వాడం’ అని ఇంగ్లీషులో కూడా రాసి ఉంది. మా పళ్లెంలోది నార్వే చేపట. సముద్రం ఒడ్డున కూర్చుని అంత దూరపు చేప తినడం కాకినాడ దానినైన నాకు నవ్వు తెప్పించింది. మా ఆయన మాత్రం నవ్వలేదు. మర్నాడు మూడు గంటలు పడవలో వెళ్లి ఫుకువోకాలో దిగేసరికి, ఫుకుషిమాలో బిస్కెట్లతో గడిపేద్దామని తీర్మానించేశారు. నేను ఒప్పుకోలేదు.

రైల్ పాసు ఒమాన్‌లో ఉండగానే తీసుకున్నాం కాబట్టి దారిలో టికెట్ల గొడవ లేదు. టోక్యో నుంచి ఫుకుషిమాకు రైల్లో గంటన్నర, అక్కడి నుంచి బస్సులో ముప్పావుగంట. అణు కేంద్రం ఉన్న తీరానికి దూరంగా, కొండల వైపున్న పల్లె. సాతో గారని, అరవై దాటిన మహిళా రైతు, ఒంటరిగా ఉంటూ తన ఇంట్లోనే యాత్రికులకు బస ఇస్తారు. రెండు పూటలా భోజనంతో మనిషికి ఇరవై రెండు రియాళ్లు. మేం తెచ్చిన ఖర్జూరాల డబ్బా ఇస్తే ఆవిడ అక్కడికక్కడే విప్పి ఒకటి నోట్లో వేసుకున్నారు.

పొద్దుగూకుతుండగానే భోజనం వడ్డించారు. సొంత పొలం బియ్యంతో వండిన అన్నం పొగలు కక్కుతోంది, పక్కన ముల్లంగి ఊరగాయ. ప్రార్థన చేయకుండా మేం ముద్ద ముట్టం. మా ఆయన ప్రార్థనకు కూరలు చల్లారిపోతాయని బౌషర్‌లో మా చర్చి సంఘంవాళ్లు ఏడిపిస్తుంటారు కూడా. ఆ రోజు మనసులోనే చేసుకున్నా మరీ సాగదీశారు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా గిన్నెలు లేవు. సాతో గారు వాటిని లోపలికి తీసుకుపోయి, బదులుగా బ్రెడ్డు పెట్టారు. బియ్యం సంచి కూడా తెచ్చి, రేడియేషన్ పరీక్ష అయినట్టు దానిమీద అతికించిన చీటీ చూపించి, తల వంచారు. మేం తినడానికి భయపడి కళ్లు మూసుకున్నామని ఆవిడ అనుకున్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇది మా అలవాటని, టీ తాగే ముందు కూడా చేస్తామని ఫోన్‌లో అనువాదం పెట్టి చూపించాను. ఆవిడ చదివి, ఫోన్‌లోనే జవాబిచ్చారు.

“ఫర్వాలేదు. టోక్యోలో ఉన్న మా అమ్మాయి కూడా ఇక్కడికి వచ్చేటప్పుడు తన పిల్లలకు బియ్యం వెంట తెచ్చుకుంటుంది.”

నేను మా ఆయన వైపు తిరిగాను. “నిజం చెప్పండి. అంతసేపు ఏమని ప్రార్థించారు?”

“ఈ అన్నం వల్ల మనకేమీ కాకూడదనే. అబద్ధమాడమంటావా?” అని తల దించుకున్నారు.

అంటే ఆవిడ పొరబడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఏమనుకున్నారో, లేచి వంటింట్లోకి వెళ్లి రెండు గిన్నెలూ తనే తెచ్చారు. కూర్చుని, మెతుకు మిగలకుండా తినేసి, ఖాళీ గిన్నె చాపారు.

“ఇంకొంచెం పెట్టండమ్మా.”

తెలుగులోనే అడిగారు. ఆవిడకు ఫోన్ అవసరం లేకపోయింది. ఆయన రెండో గిన్నె, నేను నా గిన్నె తింటుండగా, ఆవిడ మా ఇద్దరినీ ఒక ఫోటో తీసుకోవచ్చా అని సైగ చేశారు. ఎవరికి పంపడానికని ఫోన్‌లో అడిగితే, “మా అమ్మాయికి” అన్నారు.

ఆ ఫోటో చూసి ఆ అమ్మాయి ఏమందో నాకు తెలియదు. ఆమెను తప్పుపట్టను, పసిపిల్లల తల్లి. కానీ ఆ బియ్యం పరీక్షలన్నీ దాటుకుని కన్నకూతురి దగ్గర ఆగిపోయాయి, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం వస్తుంది. మీరు ఫుకుషిమా వెళ్తుంటే ధైర్యంగా వెళ్లండి. ఒక్కటే సూచన: ప్రార్థన వడ్డనకు ముందే ముగించుకోండి. గిన్నె ముందుకొచ్చాక ఆలస్యం చేయకండి, పెట్టినావిడ మీ ముఖమే చూస్తూ ఉంటుంది.