ప్రార్థన మనవి ముసుగులో నా అసూయ

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన నాంపల్లి స్త్రీల కూడికలో కన్నీళ్ళతో ప్రార్థించే అక్క ఎవరంటే అందరూ నన్నే చూపిస్తారు, కానీ ఆ కన్నీళ్ళలో ఒక సంవత్సరం పాటు ఏముందో ఈ రోజు దాచకుండా చెప్తాను. అసూయ! పచ్చి అసూయ!

కరుణా నేనూ పదిహేనేళ్ళ స్నేహితులం. శనివారం పొద్దున ఇద్దరం కోఠిలో తిరిగి చాయ్ తాగేవాళ్ళం, సాయంత్రం కూడికలో ఆమె పాట ఎత్తుకుంటే నేను అందుకునేదాన్ని. భర్త పోయాక ఆమె నవ్వడమే మానేసింది. అలాంటిది అబిడ్స్‌లో ఒక మేడ మీద కొందరు ఆడవాళ్ళ గుంపులో చేరింది. వాళ్ళంతా కలిసి యోగా చేస్తారు, సౌనా అనే వేడి చెక్కగదిలో చెమటలు కక్కుతూ కూర్చుంటారు, ఆ వెంటనే ఐసు నీళ్ళ తొట్టిలో మునుగుతారు. ముందు నన్నే పిలిచింది. "పైసలిచ్చి వణుకుడేంది, పిచ్చి లేసిందా?" అని ఎగతాళి చేసింది నేనే!

తర్వాత శనివారం పొద్దుటిపూట వాళ్ళదైపోయింది. కరుణ ఫోనులో ఫోటోలు చూపించేది, తడిజుట్టుతో ఆరుగురూ భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్నారు. నా కడుపు మండిపోయింది. నేను ఏళ్ళ తరబడి ప్రార్థించినా రాని నవ్వు ఒక నీళ్ళ తొట్టి తెచ్చిందా?

అప్పుడు మన విశ్వాసులు మాత్రమే చేయగల తప్పు చేశాను. కూడికలో లేచి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "మన సహోదరి ఒకామె లోకంలోకి జారిపోతోంది, యోగా గుంపులో పడింది, ప్రార్థించండి" అన్నాను. యోగా మంచిదా చెడ్డదా అన్న దిగులు నాకు నిజంగా లేదు, ఆ మాట నాకు పనికొచ్చింది, అంతే. పేరు చెప్పలేదు, కానీ చెప్పాల్సిన అవసరమేముంది! రెండు వారాలకే సంఘ పెద్దలు కరుణను పాట ఎత్తుకోవద్దన్నారు, ఆ పని నాకిచ్చారు. ఆమె కూడికకు రావడమే మానేసింది.

మొదటి పాట ఎత్తుకోబోయి, కరుణ కూర్చునే చోటు ఖాళీగా కనిపిస్తే పుస్తకం మూసేశాను సహోదరులారా! ఇంటికొచ్చి మోకరించి, "ప్రభువా, కరుణను తిరిగి తీసుకురా" అన్నాను. "ఎవరి దగ్గరికి? నా దగ్గరికా, నీ దగ్గరికా?" అని నా మనసులో ఆయన గట్టిగా అడిగినట్టయింది. నేల మీద పడి ఏడ్చాను. "తండ్రీ, నీ పేరు పెట్టి నా చెల్లెను కొట్టాను, నన్ను విడిపించు" అన్నాను.

ఆ శనివారమే అబిడ్స్ వెళ్ళి, ఆ ఆడవాళ్ళందరి ముందు, తొట్టి పక్కన నిలబడి కరుణకు అంతా ఒప్పుకున్నాను. ఆమె, "అక్కా, నాకు తెలుసు. నువ్వే చెప్తవేమోనని ఎదురుచూసిన" అంది. ఆ మాట నన్ను ఐసు కన్నా ఎక్కువ వణికించింది. తర్వాత కరుణ పిలిస్తే నేనూ ఆ నీళ్ళలోకి దిగి ఊపిరాడక గింజుకుంటుంటే, నేను అసహ్యించుకున్న ఆ ఆడవాళ్ళే "జర మెల్లగ అక్కా, ఏం కాదు, మేమున్నం" అని చుట్టూ నిలబడ్డారు.

కూడికలోనూ నా పాపం ఒప్పుకున్నాను, పాటలు తిరిగి కరుణకే ఇచ్చారు. అసూయ ఇప్పటికీ అప్పుడప్పుడు తల ఎత్తుతుంది, అబద్ధం చెప్పను. కానీ దాన్ని ఇప్పుడు దాని పేరుతోనే ప్రభువు ముందు పెడుతున్నాను, ఆయన విడిపిస్తున్నాడు. దేవునికే మహిమ!

ప్రియులారా, మీరు ఎవరి కోసం కన్నీళ్ళతో ప్రార్థిస్తున్నారో, ఆ ప్రార్థనను ఆ మనిషి ఎదుటే చేయగలరా? చేయలేకపోతే ఈ రోజే ఆపండి. ముందు మీ కోసం ప్రార్థించుకోండి. నన్ను త్రోసివేయనివాడు మిమ్మల్నీ త్రోసివేయడు.